రెండో రోజు

"ఉఫ్!"

ఒక ముసలాయన సిమెంటు బెంచీ మీద గట్టిగా ఊదాడు.

బెంచీ మీది దుమ్మంతా లేచి, పక్కనే కూర్చున్న దేవరాజు తెల్ల చొక్కా మీద వాలింది.

దేవరాజుకు ఒళ్లు మండింది.

"కండ్లు కనపడవా? మనిషి కూర్చోనుండేది తెలీదా?"

"తప్పైపోయిందప్పా. అలవాటు. ఆళ్లగడ్డలో రాయి చెక్కేటోన్ని. ఉలి దెబ్బ పడినప్పుడల్లా ఊదుకోవాల. లేకుంటే గీత కనపడదు."

దేవరాజు చొక్కా దులుపుకున్నాడు. దుమ్ము పోలేదు సరికదా, మరకలా పరుచుకుంది. ఛీ అనుకుంటూ బెంచీ చివరికి జరిగాడు.

అసలే ఆయన ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ చిరాగ్గా ఉన్నాడు.

నంద్యాల గ్రౌండులో ఆరు ఓవర్ల టోర్నమెంటు ఫైనల్. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ. బంతి లేస్తే డీజే, వికెట్ పడితే డీజే. మైకులో ఒకడు గొంతు చించుకుంటున్నాడు. బ్యాటు పట్టిన ప్రతివాడూ కట్టెలు కొడుతున్నట్టు ఊపుతున్నాడు.

దేవరాజు రిటైరైన లెక్కల మాస్టారు. వయసులో ఉన్నప్పుడు నంద్యాల జట్టుకు ఆడినవాడు. ఇవాళ ఆయన వచ్చింది ఈ గోల చూడడానికి కాదు. వచ్చే ఏడాది ఇదే గ్రౌండులో ఒక్కటంటే ఒక్క రెండు రోజుల మ్యాచ్ పెట్టించాలని. కాళ్లూ కళ్లూ సరిగా ఉండగానే అసలైన ఆట ఇంకొక్కసారి చూడాలని. ఏ సంగతో ఇవాళే తేలుస్తామన్నారు కమిటీవాళ్లు.

కమిటీ సెక్రటరీ ప్రవీణ్ నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏం సార్, ఎట్లుంది ఆట?"

"దీన్ని ఆటంటారా? పెండ్లి ఊరేగింపు! చూస్తాంటే వాంతికొస్తాంది. ముందుకొచ్చి బంతిని ఆపేది ఒక్కనికీ చేతకాదు."

"ఆపితే ఈల ఎవరు కొడతారు సార్?"

"ఈల కోసం ఆడేదాన్ని సర్కస్ అంటారు."

"రెండు రోజుల ఆట పెడితే గ్రౌండులో మీరూ, మేసే బర్రెలూ ఉంటారు. జనం యాడొస్తారు?"

అప్పుడే బంతి గోడ దాటింది. ముసలాయన నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. దేవరాజు చెవి గింగిరాలెత్తింది. చెప్పు కింద పేడ చూసినట్టు చూశాడు ఆయన వైపు.

ప్రవీణ్ సంబరంగా అడిగాడు.

"పెద్దాయనా, నువ్వు చెప్పు. ఇది బాగుందా? రెండు రోజుల ఆట బాగుంటాదా?"

"ఇదే బాగుందప్పా. మధ్యాన్నం బస్సెక్కి వచ్చినా. మా మనవడు యెషయా ఆడతాండాడు, చూస్తాండా. పొద్దు గూకకముందే ఇల్లు చేరతా. రేపు వానికీ నాకూ పనుండాది. కూలోనికి రెండో రోజు యాడిది?"

"విన్నారా సార్?"

దేవరాజు ముఖం ఎర్రబడింది. ముసలాయన వైపు వేలు చూపించాడు.

"నీకేం తెల్సు ఆటంటే! నలభై ఏండ్ల కిందట ఇదే గ్రౌండులో, మా మీద, మీ ఆళ్లగడ్డ బాలస్వామి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడినాడు. ఒక్క బంతి గాల్లోకి లేపలే. బౌండరీ కాడ నిలబడి నిలబడి నా కాళ్లు పడిపోయినాయి. అయినా చూపు తిప్పుకోలేకపోతి. అదీ ఆట!"

ముసలాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"రెండో రోజు వచ్చినాడా?"

"రాలే. ఏ హైదరాబాదు నుంచో పిలుపొచ్చింటాది. అంతటోడు మరి."

"ఆళ్లగడ్డ గెలిచిందా?"

"యాడ గెలుస్తాది, ఆయన లేకుండా? ఓడిపోయినారు."

"జట్టును నడిమధ్యలో ఇడ్సిపెట్టి పోయినోడు ఏం గొప్పోడప్పా?"

దేవరాజు దిగ్గున లేచాడు.

"లెయ్! లెయ్ ఈణ్నుంచి! బాలస్వామి పేరెత్తే యోగ్యత ఉందా నీకు? దుమ్ముగొట్టు మొగం నువ్వూనూ!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. కొందరు నవ్వారు.

ముసలాయన లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. యెషయా ఇంకా బ్యాటింగ్ చేస్తూనే ఉన్నాడు.

"ఎట్లాంటోళ్లు వస్తాండారప్పా ఆటలకు! ఛీ!" అన్నాడు దేవరాజు.

ప్రవీణ్ ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"కోపం ఇడ్సిపెట్టండి సార్. ఒక మాట చెప్తా. చిన్నప్పట్నుంచీ మీ నోట బాలస్వామి పేరే వింటాండాం. ఆయన యాడున్నా పిల్చుకొని రాండి. ఆయన నోటితో ఏ ఆట పెట్టమంటే ఆ ఆట పెడతాం. కమిటీ మాట."

దేవరాజు ముఖం మొదటిసారి వెలిగింది.

"మాటేనా?"

"మాటే. కానీ ఇన్నేండ్లయింది, ఎట్ల గుర్తుపడతారు సార్?"

"మొగం సరిగా చూడలేదబ్బా, దూరంగా ఉంటి. కానీ ఒక అలవాటుండె ఆయనకు. అది చూస్తే చాలు, వెయ్యి మందిలో ఉన్నా పట్టేస్తా. బంతి ఆడినప్పుడల్లా బ్యాటు ఎత్తి నోటి కాడికి తెచ్చుకొని..."

దేవరాజు రెండు చేతులూ పైకెత్తి, చూపిద్దామని పెదాలు గుండ్రంగా చుట్టాడు.

ఊపిరి బయటికి రాలేదు.

గేటు బయట ఆళ్లగడ్డ బస్సు హారన్ కొట్టి కదిలింది.

"తెచ్చుకొని, ఏం చేసేటోడు సార్?" అన్నాడు ప్రవీణ్.

దేవరాజు మెల్లగా తల వంచుకున్నాడు. తెల్ల చొక్కా మీద, బాలస్వామి ఊదిన దుమ్ము ఇంకా అలాగే ఉంది.