కోడలు కోరిన రాతి రొయ్య

మొప్పల చొక్కాలు వచ్చాక, సంతకెళ్లి కూరలు తెచ్చుకున్నంత సులువుగా జనం సముద్రం అడుగుకి వెళ్లొచ్చే రోజులవి. నీళ్లలోంచి ఊపిరి ఆ చొక్కాయే తీసిస్తుంది. అయితే ఏం లాభం? పిల్ల చేపల్నీ పిల్ల రొయ్యల్నీ సింహం చేపలు మింగేశాయి. రాతి రొయ్య కంటపడి పదేళ్లయింది. తొమ్మిదో నెల మోస్తున్న కోడలు కాసులు మాత్రం అదే తినాలంది. కడుపుతో ఉన్న పిల్ల కోరిక తీర్చకపోతే ఎలాగని, అత్త గరటమ్మ తెల్లారగానే బరిసె పట్టుకుని దిగింది.

ముప్పై బారల లోతున ఒక రాతి సందు. దాని ముందు మూడు సింహం చేపలు, ముళ్ల జూలు విప్పుకుని కాపు కాస్తున్నాయి. మూడింటినీ పొడిచి సంచిలో వేసి, లోపలికి చెయ్యి పెట్టింది. మూరెడు మీసాలతో రాతి రొయ్య! తిప్పి చూస్తే పొట్ట కింద వేలకు వేలు గుడ్లు. ఒక్కో గుడ్డులో రెండేసి నల్లటి కళ్లు, నుదుటి దీపం వెలుగులో ఆమెనే చూస్తున్నాయి.

"ఏటత్తా, దొరికినాదా?" ఒడ్డు నుంచి కాసులు గొంతు చొక్కాకున్న రేడియోలోంచి చెవిలో వినిపించింది.

"దొరికినాదే అమ్మా. గానీ దానికీ నెల్లు నిండినాయే!"



"అయితే ఒగ్గెయ్యత్తా. దాన్ని పురుడు పోసుకోనీ. సింగం సేపలే పులుసెట్టు. ముళ్లు సరిగ్గా తియ్యి, పోయినసారి నీ కొడుకు ఏలు వాసిపోనాది."

గరటమ్మ రొయ్యను రెండు చేతులతో మెల్లగా సందులో దించింది. ఇక పైకి పొమ్మని చొక్కా రెండుసార్లు చెప్పినా వినక, బరిసె ఒళ్లో పెట్టుకుని, మంత్రసానిలా ఆ గుమ్మం ముందే కూర్చుంది.