అక్క ఉన్న గ్రూపు

ఫెటూ ప్రొఫెసరైనందుకు అపియా నగరంలో ఆ సాయంత్రం సన్మానం చేశారు. ఫోన్లలో వచ్చే అబద్ధాల్ని జనం ఎందుకు నమ్ముతారన్నదే ఆమె పరిశోధన.

మాట్లాడుతూ తెరమీద ఒక మెసేజ్ చూపించింది: "జ్వరమొచ్చిన పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లకండి. ఆకుపసరు చాలు."

ముందు వరసలోంచి చెల్లెలు టిరేసా లేచింది. అక్క మెళ్లో వెయ్యడానికి తెచ్చిన పూలదండ కింద పడేసింది.

"ఇది మన చర్చి ఆడాళ్ల గ్రూపులోది. నీకెలా దొరికిందక్కా?"

"నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాగా."

"అబద్ధమని నీకప్పుడే తెలుసా?"

"తెలుసు. మధ్యలో నేను కల్పించుకుంటే పరిశోధన చెడిపోదూ?"

"నా కొడుకుని పాతిపెట్టిననాడు నన్ను పట్టుకుని ఏడ్చావు కదే! నువ్వా గ్రూపులో ఉన్నావనే నేను నమ్మాను. అబద్ధమైతే మా అక్క ఊరుకుంటుందా అనుకుని, నా చేత్తోనే వాడికి ఆ పసరు పోశాను."