ఖాళీ సమాధి దగ్గర హాజరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం జనరల్ జవిర్స్కిని పోలండ్‌లో అడుగుపెట్టనివ్వలేదు. ఆయన స్కాట్లాండ్‌లోనే కన్నుమూశారు. మా ఊళ్లో ఆయన పేరు చెక్కిన ఖాళీ సమాధి ఉంది. దాని చుట్టూ ఆయన సైనికుల సమాధులున్నాయి. రేపటి సంస్మరణ సభలో అమరుల హాజరు పిలవాల్సింది నేనే. చీకటి పడ్డాక సాధన చేసుకుందామని అక్కడికి వెళ్లాను.

"ఊరికే పేర్లు పిలవకే బొజేనా, వచ్చేస్తారు," అన్నాడు కాపలా ఉండే జేనన్ బాబాయ్, సమాధుల మీద దీపాలు పెడుతూ.

"రానీ బాబాయ్. రేపు ఎలాగూ జనం తక్కువే," అన్నాను. ఆయన గొణుక్కుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు.

"జనరల్ జవిర్స్కీ, హాజరుకు రండి!" అని గట్టిగా పిలిచాను.

ఎవరి పేరు పిలిచినా, వరుసలో నిలబడ్డ సైనికులు "రణభూమిలో ఒరిగారు" అని బదులివ్వడం మా ఆచారం. కానీ ఆ సైనికులు వచ్చేది రేపు.

గాలి లేదు. అయినా దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఊగాయి. నా వెనక బూట్లన్నీ ఒక్కసారే నేలను తాకి ఆగాయి.

"ఆయన్ని ఇంకా రానివ్వలేదు," అన్నాయి చాలా గొంతులు, మెల్లగా.

"ఎవరే వాళ్లంతా? గేటుకు తాళం వెయ్యాలి!" అని బాబాయ్ దూరం నుంచి అరిచాడు.

నా చెవి పక్కనే ఒక గొంతు బతిమాలింది.

"మళ్లీ పిలువమ్మా."