సంచి కూర్చున్న చోటు

“ఇక్కడ ఎవరైనా ఉన్నారామ్మా?” చర్చిలో బెంచీ మీది చేతిసంచిని చూపిస్తూ అడిగింది కొత్తావిడ.

తల్లి సంచిని ఇంకాస్త నొక్కి పట్టుకుంది.

“ఉన్నారండి. మా సొంతవాళ్ళు.”

ఆ చోటు కూతురిది. మనసుపడ్డవాణ్ణి చేసుకుంటానన్నందుకు “నా గడప తొక్కకు” అని మాట తూలింది తల్లి. పెళ్ళికి వెళ్ళలేదు, అటువాళ్ళ ముఖాలైనా చూడలేదు. పిల్లేమో ఇంటి గడపతోపాటు ఈ మందిరం గడప తొక్కడం కూడా మానేసింది.

అప్పటినుంచీ ఆదివారాలు అక్కడ సంచి కూర్చుంటోంది. ఎవరినైనా కూర్చోనిస్తే సరిగ్గా ఆ పూటే పిల్ల వస్తుందేమోనని తల్లి భయం.

కొత్తావిడ గేటువైపు ఒకసారి చూసింది.

“పరాయివాళ్ళు కూర్చోకూడదా?”

“ఏమనుకోకండి. కూర్చోకూడదు.”

“అలాగేనమ్మా.”

ఆవిడ వెళ్ళి వెనక గోడకు ఆనుకుంది. మళ్ళీ గేటువైపే చూపు.

‘బయట తోడుదొంగ ఉన్నట్టుంది’ అనుకుని తల్లి సంచి జిప్పు తడిమి చూసుకుంది.

పాస్టరుగారు ఆ రోజు ప్రసంగం పొట్టిగా ముగించారు.

“ఆదివారం విన్నది సోమవారానికి ఆవిరైపోతోంది. ఇవాళ్టినుంచి కొత్త పద్ధతి. ఈ వారం ఏ ఒక్క మంచిపని చేస్తారో పక్కవాళ్ళకి చెప్పండి. చేశారా లేదా అని వచ్చే వారం వాళ్ళే అడుగుతారు.”

‘మాటిచ్చి తప్పితే?’ అనుకుంది తల్లి.

ఒక పక్కన సంచి. రెండో పక్కన బట్టలు కుట్టే ఆవిడ.

“నేను మా ఆడపడుచుని పలకరిస్తా. ప్రాణం పోతే పోయింది” అందావిడ. “మరి మీరు వదినా?”

“కొత్తవాళ్ళెవరొచ్చినా నా పక్కన కూర్చోబెట్టుకుంటా. మా పిల్ల ఎక్కడికెళ్ళినా దాన్నీ ఎవరో ఒకరు అలా కూర్చోబెట్టుకోవాలి కదా.”

“అయితే సంచిగారు ఎక్కడ కూర్చుంటారో?”

తల్లి నవ్వలేదు. సంచిని ఒళ్ళోకి తీసుకుంది. ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచింది. వెనక్కి తిరిగి చూసింది.

గోడ దగ్గర ఎవరూ లేరు.

గబగబా గుమ్మం దాకా వచ్చింది. వచ్చేపోయేవాళ్ళని పలకరించే సంఘపెద్ద అక్కడే ఉన్నాడు.

“గోడ దగ్గర నిలబడ్డావిడ ఏరి అన్నయ్యా?”

“ఇప్పుడే వెళ్ళిపోయారమ్మా, ఇద్దరూ.”

“ఇద్దరా?”

సంఘపెద్ద గొంతు తగ్గించాడు.

“ఆవిడ మీ వియ్యపురాలమ్మా; అమ్మ పక్కన చోటుంటేనే లోపలికొస్తానని మీ అమ్మాయి గేటు దగ్గర ఆగిపోతే, ఉందో లేదో చూసి చెబుతానని వచ్చారట.”