ఒత్తు లేని పిలుపు

చెల్లెలు పోయిన ఆర్నెల్లకి దాని టాబ్లెట్ నా రిపేరు షాపుకొచ్చింది. ఆన్ చేస్తే సగంలో ఆగిపోతోంది. రేపు దాని కూతురు అందులోనే పరీక్ష రాయాలి.

"పెద్దమ్మా, అవుతుందా?" అని ఫోన్లో అడిగింది పిల్ల.

"అవ్వక చస్తుందా? పొద్దున్నే నీ చేతిలో పెడతా, పడుకో."

చీకటి పడ్డాక షట్టర్ సగం దించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, పాతదంతా తుడిచేసి సిస్టం కొత్తగా ఎక్కించాను. భాష అడిగితే తెలుగు నొక్కాను. తర్వాత పేరు అడిగింది. ఖాళీగా ఉండాల్సిన ఆ గడిలో అప్పటికే ఒక మాట ఉంది.

"అకా"

చెల్లికి ఒత్తులు పెట్టే ఓపిక ఏనాడూ లేదు. నాకు పంపే ప్రతి మెసేజీ అలాగే మొదలుపెట్టేది.

నేను పట్టు వదల్లేదు. వైఫై ఆపేసి, ఇంకో పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాను. గోడ గడియారం చప్పుడు తప్ప షాపులో ఏమీ వినపడటం లేదు. భాష అడిగింది. పేరు అడిగింది.

"అకా"

భయం కన్నా ముందు కోపమొచ్చింది. మూడో పెన్‌డ్రైవ్ అందుకుంటూ కసిరాను.

"క కింద ఒత్తు పెట్టి ఏడవమని ఎన్నిసార్లు చెప్పానే!"

గడియారం ఆగింది. తెర మీద 'కా' కింద, నెమ్మదిగా, ఒత్తు వచ్చి చేరింది.