గోడకు కట్టిన చీర

ఆ సముద్రపుటొడ్డు ఊళ్లో ప్రతి ఇంటికీ మూడు గోడలే సొంతం, నాలుగోది ప్రభుత్వానిది. దాని నిండా కలెక్టరాఫీసు కనిపిస్తూ ఉంటుంది. బల్లలూ ఫైళ్లూ మనుషులూ నీళ్లలో నీడల్లా కదులుతుంటారు. ఇటు మాట అటు, అటు మాట ఇటు వినిపిస్తుంది. జనం దగ్గర ఏదీ దాచకూడదని చట్టం.

నూకరత్నం మాత్రం అన్నం వేళకి ఆ గోడకు పాత చీర కట్టేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషికి పెట్టకుండా తినడం ఆమె వల్ల కాదు. అలాగని తన గోడలో ఎదురుగా కూర్చునే ఆఫీసరుకి పెట్టాలనీ లేదు. సముద్రానికి అడ్డంగా కట్టిన గట్టు సంగతి ఎప్పుడడిగినా "ఏం భయం లేదమ్మా" అనేవాడు. ఆ మాట వింటుండగానే రెండు వీధులు అలల్లో కలిసిపోయాయి.

ఈ మధ్యాహ్నం చీర కడుతూ అలవాటుగా అడిగింది.

"బాబుగారూ, ఈ అమాసకి గట్టు ఆగుద్దాండీ?"

ఆఫీసరు ముందున్న ఫైలు మూసేశాడు. ఆయన వెనక తిరిగే ఫ్యాను గాలికి ఇక్కడ చీర చెంగు ఊగినట్టయింది.

"తెలీదమ్మా. ఇంజినీర్లకీ తెలీదు. ఇన్నాళ్లూ తెలిసినట్టు చెప్పాను. నాకూ భయంగానే ఉంది. సామాను సర్దుకోండి, బళ్లు పంపిస్తాను."

నూకరత్నం చీర విప్పి, మూట కట్టడానికి నేలమీద పరిచింది.

"ఎప్పుడూ నమ్మనిదానివి, ఇప్పుడు నమ్మేత్తన్నావేంటే?" అన్నాడు మొగుడు ధనరాజు.

ఆమె మూడో కంచంలో అన్నం పెట్టి గోడ ముందు ఉంచింది.

"నువ్వూ ఓ ముద్ద తిను, నాయనా."