రెండు వేళ్ల వెలితి

"ఏమయ్యా వింగూ! ఈ సూపులో పులుపేదయ్యా? వెనిగర్ అయిపోయిందా, వెయ్యడానికి మనసొప్పలేదా?"

వంటగది కిటికీ అవతల నుంచి వర్నెటా గొంతు ఖంగుమంది. వింగ్ మోయ్ వెనిగర్ సీసా అందుకుని గుండిగలోకి రెండు గరిటెలు వంపి కలిపాడు. లోలోపల ఆవిడకు దణ్ణం పెట్టుకున్నాడు.

సెయింట్ లూయిస్‌లో ఆ వీధి మలుపున వింగ్ హోటలు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఉన్నవి ఆరే బల్లలు. పదకొండింటికి తలుపు తియ్యగానే వచ్చేది వర్నెటాయే. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అరవై మంది పిల్లల్ని గొంతుతోనే అదుపులో పెట్టిన అలవాటు ఇంకా పోలేదు. అందరూ కిటికీ దగ్గరికొచ్చి తమ గిన్నెలు తామే తీసుకుంటారు గానీ, మోకాళ్ల నొప్పుల మనిషని వర్నెటా సూపు మాత్రం వింగ్ భార్య సుక్‌యీ బల్ల దాకా మోసుకెళ్తుంది. వెళ్లిన మరుక్షణం వర్నెటా ఏదో ఒక వంక పెడుతుంది.

"ఊరందరికీ బాగున్న సూపు నీ ఒక్కదానికే బాగుండదేం, మిస్ వర్నెటా?" సుక్‌యీ విరుచుకుపడింది.

"ఊరికి నాలుక లేకపోతే నాదా తప్పు?"

లోపల వింగ్ గతుక్కుమన్నాడు. నాలుక లేనిది ఊరికి కాదు, అతనికి. కిందటి చలికాలంలో వారం రోజులు కాసిన జ్వరం, పోతూ పోతూ అతని రుచినీ వాసననీ కూడా పట్టుకుపోయింది. ఉప్పు వేసుకున్నా, చక్కెర వేసుకున్నా నోటికి ఒకటే. వేపుళ్లకు పరవాలేదు, గరిటె కొలతలు చేతికి వచ్చు. గుడ్డట్టు పెట్టే సెయింట్ పాల్ శాండ్‌విచ్ కళ్లు మూసుకుని చేస్తాడు. సూపుతోనే వచ్చింది చిక్కంతా. దాన్ని ఏ రోజుకారోజు నాలుక మీద వేసుకుని సరిచూసుకోవలసిందే.

ఈ సంగతి సుక్‌యీకి చెప్పలేదు. ఎలా చెబుతాడు? "మా ఆయన నాలుకే ఒక త్రాసు" అని పెళ్లయిన కొత్తలోంచీ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయిన మనిషి. ఆ మురిపెం పోగొట్టడం కన్నా హోటలు మూసుకోవడమే నయమనిపించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వర్నెటా వంకలు మొదలుపెట్టింది. ఉప్పు చాలలేదంటుంది, మిరియాలు దండగ అనుకున్నావా అంటుంది. ఆవిడ అరవగానే ఇతను గుండిగ సరిచేస్తాడు. పన్నెండింటికి జనం వచ్చేసరికి సూపు కుదిరి ఉంటుంది. పాపం, తను చేస్తున్న మేలు ఆవిడకే తెలియదనుకునేవాడు.

"ఈవిణ్ణి రావద్దని చెప్పెయ్యనా, ముసలాయనా?" ఆ సాయంత్రం సుక్‌యీ అడిగింది.

"వద్దొద్దు!" వింగ్ కంగారుపడ్డాడు. "పోనీలే, పెద్దావిడ. అయినా నేను గిన్నె నిండుగా పోసిస్తే, బల్ల మీద చూసేసరికి ఎప్పుడూ రెండు వేళ్లు వెలితేమిటి?"

"చేతులు వణుకుతున్నాయి. తొణికిపోతోంది," అంది సుక్‌యీ, అటు తిరిగి బల్ల తుడుచుకుంటూ.

వేసవి ముగిసేసరికి వర్నెటా పిడుగులాంటి మాట చెప్పింది. మెంఫిస్‌లో చెల్లెలి దగ్గరికి మకాం మార్చేస్తోందట. వింగ్ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వెళ్లిపోతే నాకు వంకలెవరు పెడతారు?"

"ఎవరో ఒకరు దొరుకుతార్లే నాయనా. ఆ దిగులు నీకెందుకు?" అంటూ ఆవిడ సుక్‌యీని గట్టిగా కౌగిలించుకుంది. సుక్‌యీ కళ్లు తుడుచుకుంది. రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేంత పని చేసేవాళ్లకు ఇంత ప్రేమేమిటో వింగ్‌కు అంతుబట్టలేదు.

మర్నాడు సూపు కాచి చెంచాడు నోట్లో వేసుకున్నాడు. వేడి తప్ప ఏమీ తెలియలేదు. ఇక దాచి లాభం లేదు. జనం రాకముందే సుక్‌యీకి చెప్పేసి, హోటలు అమ్మకానికి పెడదామనుకున్నాడు.

తలుపు గంట మోగింది. పోస్ట్‌మాన్ డెల్‌బర్ట్ వచ్చాడు. ఏళ్ల తరబడి ఉత్తరాలు పడేసి వెళ్లిపోవడమే గానీ ఎన్నడూ కూర్చోనివాడు, ఇవాళ సంచీ దించి వర్నెటా కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక సూపు!"

వింగ్ గిన్నె నిండా పోసి కిటికీలో పెట్టాడు. సుక్‌యీ తీసుకెళ్లింది. అతను ఏప్రన్ విప్పాడు. 'సుక్‌యీ, నీకో మాట చెప్పాలి' అని నోట్లోనే అనుకుంటూ తలుపు దాకా నడిచాడు.

"వింగ్ గారూ! ఉప్పు చాలలేదండీ. వెనిగర్ కూడా ఇంకో గరిటె పడాలి!" పాఠం అప్పజెప్పినట్టు అరిచాడు డెల్‌బర్ట్.

వింగ్‌కు ప్రాణం లేచొచ్చింది. గబగబా ఉప్పు వేశాడు, వెనిగర్ వంపాడు, కలిపాడు. సంతోషం పట్టలేక, ఆ పుణ్యాత్ముడికి స్వయంగా థాంక్స్ చెబుదామని బయటికొచ్చాడు.

బల్ల పక్కన సుక్‌యీ ఏప్రన్ అంచుతో మూతి తుడుచుకుంటోంది. డెల్‌బర్ట్ ముందు గిన్నెలో సూపు రెండు వేళ్లు వెలితిగా ఉంది.

కాగితంలో చుట్టిన చెంచాను డెల్‌బర్ట్ ఇంకా విప్పనే లేదు.